పాత కంప్యూటరుకు హార్డు డిస్కు చేర్చడం

ఇంటి కంప్యూటరులో ఇదివరకే ఉన్న హార్డు డిస్కును తొలగించకుండా, దానికి తోడుగా మరొక డిస్కును అమర్చడాన్ని రెండవ హార్డు డిస్కు చేర్చడం అంటారు. ఇందులో బిగింపు పని స్వల్పమే. కొత్త డిస్కు పరిమాణాన్ని పాత మదర్‌బోర్డు గుర్తించగలగడం, పాత డిస్కులోని సమాచారం చెడకుండా ఉండడం ముఖ్యమైన అంశాలు.

నేపథ్యం

1956లో వెలువడిన ఐబీఎం 350 డిస్కులో 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళేలు ఉండేవి. వాటిలో సుమారు 50 లక్షల అక్షరాలు పట్టేవి. 1980లో వచ్చిన సీగేట్ ఎస్‌టీ-506 డిస్కు సామర్థ్యం 5 మెగాబైట్లు. 1990లలో ఇంటి కంప్యూటర్లలో 40 సూదుల ఐడీఈ డిస్కులు వాడుకలో ఉండేవి. 2003 నుండి వాటి స్థానంలో సాటా డిస్కులు రాసాగాయి.

తెలుగు డీటీపీ పనులు చాలా కాలం యూనికోడేతర ఖతులతో సాగాయి. ఆ ఖతులు లేని కంప్యూటరులో ఆ ఫైళ్ళు తెలుగులో కనిపించవు. అందువలన పాత కంప్యూటరును పనిచేసే స్థితిలో ఉంచి, మరొక డిస్కులో ప్రతిని భద్రపరచడం ప్రయోజనకరం.

సామర్థ్య పరిమితులు

* 1990ల నాటి అనేక బయోస్‌లు 8.4 జీబీకి మించి గుర్తించవు. మరికొన్నింటి పరిమితి 33.8 జీబీ.
* 28 బిట్ల చిరునామా పద్ధతిలో గరిష్ఠ పరిమాణం 137 జీబీ. దీనిని దాటడానికి 48 బిట్ల పద్ధతి కావాలి. విండోస్ ఎక్స్‌పీలో ఇందుకు 2002 నాటి సర్వీస్ ప్యాక్ 1 గాని, ఆ తరువాతిది గాని ఉండాలి. లేనిచో పరిమితి దాటిన వ్రాత డిస్కు మొదటి భాగంపై పడి, ఉన్న సమాచారం నశించే ప్రమాదం ఉంది.

80 జీబీ డిస్కు కంప్యూటరులో 74.5 జీబీగా కనిపించడం లోపం కాదు. తయారీదారులు వంద కోట్ల బైట్లను ఒక జీబీగా లెక్కిస్తారు. విండోస్ లెక్కలో అది 107.37 కోట్ల బైట్లు.

అమర్చే విధానం

# ముఖ్యమైన ఫైళ్ళను ముందుగా సీడీలోకి గాని, పెన్ డ్రైవులోకి గాని నకలు చేయాలి.
# కంప్యూటరును ఆపి, ప్లగ్గు తీసివేయాలి. స్థిర విద్యుత్తు పోవడానికి కేసు లోహభాగాన్ని తాకాలి.
# ఒకే కేబులుపై రెండు ఐడీఈ డిస్కులు ఉన్నప్పుడు పాతదాని జంపరును మాస్టరుగా, కొత్తదానిని స్లేవుగా ఉంచాలి. సాటా డిస్కులకు ఈ అమరిక అవసరం లేదు.
# డిస్కును 3.5 అంగుళాల అరలో మరలతో బిగించాలి.
# 80 తీగల కేబులులో నీలం కొన మదర్‌బోర్డుకు, నలుపు కొన మాస్టరుకు, మధ్యనున్న బూడిదరంగుది స్లేవుకు చెందుతాయి.
# నాలుగు తీగల విద్యుత్ కనెక్టరు తగిలించాలి. ఇందులో పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు తీగ 5 వోల్టులు, నలుపు తీగలు రెండూ గ్రౌండు.
# బయోస్‌లో రెండు డిస్కుల పేర్లూ కనిపించిన తరువాతనే విండోస్ ప్రారంభించాలి.

విభజన, ఫార్మాటు

ఎక్కువ నష్టం జరిగేది ఈ దశలోనే. ఫార్మాటు చేసే ముందు డిస్కు పరిమాణాన్ని, మోడలు పేరును సరిచూసుకోవాలి. పొరపాటున పాత డిస్కును ఎంచుకుంటే అందులోని ఫైళ్ళు పోతాయి. విండోస్ ఎక్స్‌పీ 32 జీబీ దాటిన విభాగాన్ని ఫ్యాట్32గా ఫార్మాటు చేయదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎంచుకోవాలి. అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను విండోస్ 98 స్వయంగా చదవలేదు. పని మధ్యలో కరెంటు పోతే సమాచారం చెడవచ్చు గనుక యూపీఎస్ ఉండడం మంచిది.

విడిభాగాల కొనుగోలు

హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై ఉన్న కట్టంగూర్ వంటి నల్గొండ జిల్లా మండల కేంద్రాల వారికి కంప్యూటరు విడిభాగాల పెద్ద అంగడి సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అంత దూరం వెళ్ళేముందు మదర్‌బోర్డు మోడలు, కేబులు రకం, ఖాళీగా ఉన్న విద్యుత్ కనెక్టర్ల సంఖ్య వ్రాసుకోవడం మేలు. కొత్త ఐడీఈ డిస్కులు ఇప్పుడు అరుదు. వాడినవి ఎప్పుడైనా చెడవచ్చు కాబట్టి వాటిని ఏకైక ప్రతికి వాడరాదు. పీసీఐ కార్డు ద్వారా సాటా డిస్కును అమర్చడం మరొక మార్గం.

ఇవి కూడా చూడండి

* మదర్‌బోర్డు
* బయోస్
* యూనికోడు