నెమ్మది రోగం, ఓపిక శాస్త్రం

పిల్లలూ, హిందూపురం మార్కెట్లో చింతపండు దిగిన రోజున ఆ వీధిలో ఎప్పుడైనా నడిచారా? వాసన తగిలితే చాలు, నోట్లో నీళ్లూరతాయి. నాలుక మీద పెట్టుకోనక్కర్లేదు. లాలాజలం తయారుచేసే గ్రంథులు అంత చురుకైనవి. పెద్దవి మూడు జతలు: చెవి ముందర ఒక జత, దవడ కింద ఒక జత, నాలుక అడుగున ఒక జత. గవదబిళ్లలు వచ్చినప్పుడు చెంపలు ఉబ్బేది ఎక్కువగా ఆ చెవి ముందరివే. ఇవి కాక పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో చిన్నచిన్నవి 600 నుంచి 1000 దాకా ఉంటాయి. అన్నీ కలిసి రోజుకు లీటరు అటూ ఇటూగా ఊరిస్తాయి. సంగటి ముద్ద గొంతు దిగాలన్నా, పళ్లు పుచ్చిపోకుండా నిలవాలన్నా ఆ నీళ్లే ఆధారం.

చెవి ముందరి గ్రంథి నుంచి నోట్లోకి ఒక సన్నటి గొట్టం ఉంది. దాన్ని కనిపెట్టినవాడు నికొలాస్ స్టెనో అనే డెన్మార్కు కుర్రాడు. 1660లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వైద్యం చదువుకుంటూ, ఒక గొర్రె తలకాయ తెచ్చుకుని కోసి చూస్తుంటే అతనికి ఆ గొట్టం దొరికింది. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. తలకాయ కూర కోసం మన ఊళ్లలో ఎన్ని తలకాయలు కొట్టలేదు! ఆ కుర్రాడు మాత్రం ఇదెక్కడికి పోతుందని చివరిదాకా వెతికాడు. ఆ తర్వాత ఆయన రాళ్ల పొరల మీద, రాళ్లలో దొరికే సొరచేప పళ్ల మీద కూడా అంతే శ్రద్ధ పెట్టి, భూగర్భశాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడయ్యాడు. ఆ గొట్టాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇంత మేలు చేసే గ్రంథుల్లోనూ అరుదుగా క్యాన్సర్ పుడుతుంది. అందులో ఒకదాని పేరు అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, దాని కథ మాత్రం వినండి. మనుషులకు అది అర్థం కావడానికి నూరేళ్ల పైనే పట్టింది.

1853, 1854లలో పారిస్‌లో రోబాఁ, లొరేఁ, లబుల్బెన్ అనే ముగ్గురు వైద్యులు ఇలాంటి గడ్డల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, తాము చూసింది రాసిపెట్టారు. ఆ పదేళ్లలోనే జర్మనీలో బిల్‌రోత్ చూశాడు. 1881లో వియన్నాలో క్యాన్సర్ పట్టిన జీర్ణాశయం ముక్కను కోసి తీసి, రోగి ఆ ఆపరేషన్‌ను తట్టుకునేలా చేసిన మహా సర్జన్ ఈయనే. గడ్డలో కణాలు గుంపులు కట్టి, మధ్యమధ్య గుండ్రటి ఖాళీలతో, పొడుగు కడ్డీల్లా కనబడ్డాయి. దాన్నిబట్టి సిలిండ్రోమా అని పేరు పెట్టాడు. ఇప్పటి పేరును 1930లో స్పీస్ అనే వైద్యుడు వాడాడు.

రూపం తెలిసింది గానీ గుణం తెలియలేదు. చాలాకాలం దీన్ని అంత చెడ్డది కాదనుకున్నారు. ఎందుకనుకోరు? గడ్డ చిన్నది, ఏళ్లూ పూళ్లూ పెరుగుతుంది. కోసేస్తే గాయం మానుతుంది, రోగి నవ్వుతూ ఇంటికెళ్తాడు. 1940లలో అమెరికాలోని మాయో క్లినిక్ వైద్యులు, ఇది నిజంగా క్యాన్సరేనని గట్టిగా చెప్పారు.

దీని గుట్టంతా నరాల్లో ఉంది. మన ఆమడగూరు చేలల్లో సెనక్కాయ కలుపు తీసేవాళ్లను అడగండి, గరికను పైపైన కోస్తే ఏమవుతుందో. చేను శుభ్రంగా కనబడుతుంది. వేరు మాత్రం మట్టిలో పాకుతూ పోయి, మూరెడు అవతల మళ్లీ మొలకెత్తుతుంది. ఈ క్యాన్సర్ కూడా నరం చుట్టూ అల్లుకుని, దాని వెంబడే కంటికి కనబడకుండా పాకుతుంది. చెవి ముందరి గ్రంథి మధ్యలోంచే ముఖాన్ని ఆడించే నరం పోతుంది. అందుకే కొందరికి మూతి వంకర పోతుంది, కన్ను మూతపడదు. అంగిట్లో పుడితే నరం దారిన పుర్రె అడుగుదాకా పోగలదు. ఈ సంగతి తెలిశాకే సర్జన్లు గడ్డతో సరిపెట్టక చుట్టూ మరికాస్త తీయడం, తర్వాత రేడియేషన్ ఇవ్వడం అలవాటు చేసుకున్నారు.

ఇంకో పెద్ద పాఠం కాలం నేర్పింది. 1974లో న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రికి చెందిన స్పైరో బృందం 242 మంది రోగుల వివరాలు కూర్చి ప్రచురించింది. ఇలాంటి పాత దస్త్రాలు ఓపికగా తిరగేస్తే తేలింది ఏమంటే, అయిదేళ్లకు చాలామంది బాగానే ఉంటారు, కానీ పదేళ్లకు, పదిహేనేళ్లకు, ఇరవయ్యేళ్లకు కూడా కొందరికి రోగం తిరిగొస్తుంది. చాలాసార్లు ఊపిరితిత్తుల్లో తేలుతుంది. అక్కడ కూడా ఏళ్ల తరబడి నెమ్మదిగానే ఉండొచ్చు. చాలా క్యాన్సర్లకు అయిదేళ్ల లెక్క చూస్తారు. దీనికి ఆ లెక్క చాలదు. ఇది ఒక్క రోజులో మెరుపులా తట్టిన సంగతి కాదు నాయనా. దస్త్రాలు పారెయ్యకుండా దాచినవాళ్ల పుణ్యం.

ఓపిక అంటే మన తెలుగునేల ముచ్చట ఒకటి చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు అడ్డపొగ అలవాటు ఉండేది, ముఖ్యంగా ఆడవాళ్లలో. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చేవారు. ఆ వేడికీ పొగకూ అంగిలి పాడై క్యాన్సర్ వస్తోందని 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు రాశారు. డెన్మార్కు నుంచి పిండ్‌బోర్గ్, బొంబాయి నుంచి మెహతా, మరికొందరు కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. కొందరి అంగిట్లో చిన్న పొక్కులు, వాటి నడుమ ఎర్రటి చుక్కలు కనబడ్డాయి. ఆ చుక్కలు ఏమిటనుకున్నారు? ఇందాక చెప్పానే, అంగిట్లోని చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు!

ఇక్కడ ఒక తేడా గమనించండి. అడ్డపొగ క్యాన్సర్ ఎక్కువగా అంగిలి పైపొరలో పుడుతుంది. మన కథలోది ఆ పొర కింది గ్రంథిలో పుడుతుంది. చోటు ఒక్కటే, రోగాలు రెండు, నడవడి వేరు. అందుకే డాక్టరు చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడందే ఏదీ తేల్చడు. ఇక పొగాకు సంగతికొస్తే, శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లకు ఏళ్ల తరబడి ఇంటికెళ్లి నచ్చజెప్పి, ఏటేటా నోళ్లు చూసిన పని ఇంకొకటుంది. పొగాకు మానితే క్యాన్సరుకు ముందు వచ్చే మచ్చలు తగ్గుతాయని ఆ పని 1986లో లోకానికి చూపించింది.

"మరి చుట్ట ముట్టని అవ్వకు ఆ గ్రంథి క్యాన్సర్ ఎందుకొస్తుంది తాతా?" అని అడుగుతారు మీరు. మంచి ప్రశ్న. దానికి పొగాకుతో గట్టి సంబంధం కనబడలేదు. 2009లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో స్టెన్మన్ బృందం ఈ గడ్డల కణాల్లో 6వ, 9వ క్రోమోజోములు తెగి, ముక్కలు మార్చుకుని అతుక్కుంటున్నాయని చూపింది. దాంతో మిబ్ అనే జన్యువు అదుపు తప్పి పనిచేస్తుంది. ఈ పొరపాటు ఆ గడ్డ కణాల్లోనే జరుగుతుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చినది కాదు, పక్కవాళ్లకు అంటేదీ కాదు, ఎవరి పాపమూ కాదు. ఎవరికైనా వస్తే వాళ్లను దూరం పెట్టొద్దు, వాళ్ల పళ్లెం వేరు చెయ్యొద్దు.

చెవి ముందర గానీ, దవడ కింద గానీ, అంగిట్లో గానీ గడ్డ కనబడి తగ్గకపోతే, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. చాలా గడ్డలు మామూలువే. అయినా చూపించాలి. మనవైపు వాళ్లు చాలామంది బెంగళూరు పోతారు, అక్కడ 1973 నుంచి కిద్వాయ్ ఆసుపత్రి ఉంది. వైద్యం అయిపోయాక కూడా ఏటేటా పరీక్షకు వెళ్లాలి, పదేళ్లు దాటినా సరే. ఇంట్లో చదువుకున్నవాళ్లు మీరే. పెద్దవాళ్ల రిపోర్టులు, స్కానులు ఒక్కటీ పారెయ్యకుండా మీరు దాచండి, మళ్లీ వెళ్లాల్సిన తేదీ మీరు గుర్తుచెయ్యండి. ఈ రోగం విషయంలో అది సగం వైద్యం.