అణువిద్యుత్కేంద్రములలో ఫిజిక్సు పట్టభద్రురాండ్రకు గల కొలువులు

బాగ్ లింగంపల్లి, చిక్కడపల్లి, అశోక్ నగర్ ప్రాంతములలో పోటీపరీక్షలకు చదువుకొను బాలికలు లేని వీథి లేదనిన నతిశయోక్తి కాదు. చిక్కడపల్లి గ్రంథాలయమున ప్రొద్దుననే పోయినగాని కుర్చీ దొరకదు. వీరిలో భౌతికశాస్త్రమున బి.యస్సీ., యం.యస్సీ. పట్టములు పొందినవారును గలరు. వారును తాము చదివిన శాస్త్రమును పెట్టెలో బెట్టి, గ్రూపు పరీక్షలకై చరిత్రయు రాజ్యాంగమును వల్లించుచున్నారు. "ఫిజిక్సు చదివిన పిల్లకు పంతులమ్మ పని గాక మరేమున్నది?" అని తల్లులు మమ్ము నడుగుచుందురు. ఉన్నది.

అణుశక్తి యీ నగరమునకు క్రొత్త గాదు. ఈ.సి.ఐ.యల్. చౌరస్తా పేరెరుగని గృహిణి యిచ్చట నుండదు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారి కృషివలన 1967లో ఆ సంస్థ వెలసినది. అణువిద్యుత్కేంద్రములకు వలయు నియంత్రణ యంత్రములను అది తయారుచేయును. ఆ చెంతనే 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు వెలసినది. దూరప్రాంతములనున్న రియాక్టర్లకు యురేనియపు ఇంధనపు కట్టలు అక్కడినుండి పోవుచున్నవి.

ఆ రియాక్టరు వద్ద భౌతికశాస్త్రజ్ఞురాలికి పని యేమి? 220 మెగావాట్ల భారజల రియాక్టరులో 306 గొట్టములుండును. ఒక్కొక్క గొట్టమున 12 ఇంధనపు కట్టలు. యంత్రము నడచుచుండగనే పాతకట్టలను దీసి క్రొత్తవి పెట్టవలెను. పెండ్లివంటలలో గాడిపొయ్యిపై గుండిగ లెక్కించినపుడు, మంట యొకవైపు హెచ్చి యొకవైపు తగ్గినచో అన్నమొకచోట మాడును, ఒకచోట పలుకుగా నుండును. ఇదియు నట్టిదే. నేడే గొట్టమున కట్టలు మార్చవలెను, న్యూట్రానులు ఎచ్చట హెచ్చినవి, ఎచ్చట తగ్గినవి యని లెక్కగట్టి చెప్పుటయే రియాక్టరు ఫిజిక్సు. ఈ శాస్త్రపు పునాదిలో స్త్రీ చేయి యున్నదని మన బాలికలకు చెప్పవలెను. 1938వ సంవత్సరపు శీతకాలమున లీజె మైట్నరను విదుషీమణి, స్వీడనులో మంచుదారిని తన సోదరి కుమారునితో నడచుచు, యురేనియము చీలినపుడు పుట్టు శక్తికి లెక్కగట్టెను. రసాయనశాస్త్రమున 1944వ సంవత్సరపు నోబెలు బహుమానము మాత్రము ఆమె సహచరుడగు ఆటో హాను కొక్కనికే దక్కినది!

రెండవది హెల్తు ఫిజిక్సు. వికిరణము నెప్పటికప్పుడు కొలిచి, పనివారెవ్వరును హద్దు దాటకుండ కాపాడు కొలువది. తల్లుల భయమంతయు నిచ్చటనే. "రేడియేషనులో పనిచేసిన పిల్లను ఎవరు చేసికొందురు? బిడ్డలకేమగునో!" అందురు. 1986లో చెర్నోబిలున, 2011లో ఫుకుషిమాలో జరిగినవి విన్నవారి భయమును మేము పరిహసింపము. కాని నిత్యమును జరుగు పనికి కొలతలున్నవి. ప్రపంచమున సగటు మనిషికి నేలనుండియు, ఆకాశమునుండియు, అన్నపానములనుండియు ఏటికి సుమారు 2.4 మిల్లీసీవర్టుల సహజవికిరణము చేరును. కేంద్రమున పనిచేయువారికి అయిదేండ్ల సగటున ఏటికి 20 మించరాదు. ఏ యొక్క ఏటను 30 దాటరాదు. ప్రతివారును రొమ్మున బిళ్ల ధరింతురు. అందలి పదార్థమును తరువాత వేడిచేసినపుడు, అది గ్రహించిన వికిరణమునకు తగినంత వెలుగు నిచ్చును; దానినిబట్టి లెక్క వ్రాయుదురు.

ఒక విషయమును మాత్రము దాచక చెప్పవలెను. మన యిండ్లలో మూడవ నెల దాటువరకు గర్భవార్త బయటబెట్టరు, దిష్టి తగులునందురు. ఈ కొలువున ఆ యాచారము పనికిరాదు. గర్భమని తెలిసినవెంటనే పైయధికారికి తెలుపవలెను. తెలిపిన పిమ్మట, మిగిలిన నెలలన్నిటను గర్భస్థశిశువునకు 1 మిల్లీసీవర్టు మించకుండునట్లు పని మార్తురు. తెలుపనిచో ఆ రక్షణ యామెకు దొరకదు. అత్తగారు మొదట నేర్వవలసిన ఫిజిక్సు ఇదియే యని మా యభిప్రాయము.

ఇక మార్గము. కేంద్రములలో ఇంజనీరులే హెచ్చు, భౌతికశాస్త్రజ్ఞులు తక్కువ. ఇది తెలిసియే దిగవలెను. యం.యస్సీ. వారికి ముఖ్యద్వారము బొంబాయిలోని భాభా అణుపరిశోధన కేంద్రమువారి శిక్షణాలయము. ఇది 1957నుండి నడచుచున్నది. నూటికి 60 మార్కులుండి, వారి పరీక్షలోగాని గేటు పరీక్షలోగాని నెగ్గి, ముఖాముఖికి నిలిచినవారికి జీతభత్యములతో నొక యేడు శిక్షణ యిత్తురు. బి.యస్సీ. వారిని అణువిద్యుత్ కార్పొరేషనువారు శిక్షణనిచ్చి శాస్త్రసహాయకులుగా తీసికొందురు. కేంద్రమునకు పోనొల్లనివారు రేడియలాజికల్ ఫిజిక్సు డిప్లొమా ముగించినచో, క్యాన్సరు ఆసుపత్రులలో కిరణచికిత్సకు కొలతలు చూచు కొలువు దొరకును.

మన రెండు రాష్ట్రములలో నేటికిని అణువిద్యుత్కేంద్రము లేదు. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడ యింకను ప్రతిపాదనయే. కనుక కైగా యడవికో, కల్పాక్కము తీరమునకో, రాజస్థానములోని రావత్ భాటాకో బిడ్డను పంపవలెను. అచ్చట నివాసములు, బడులు, వైద్యశాలలు సంస్థవే. కొన్ని కొలువులలో రాత్రివంతులును దప్పవు. ఈ సంగతి పెండ్లిమాటలనాడే వరునివారికి చెప్పుట మేలు. భాభా శిక్షణాలయమునకు సామాన్యవర్గమువారికి 26 ఏండ్లే హద్దు. పట్టము పుచ్చుకొన్న పిల్లను పెండ్లిచూపులకని రెండుమూడేండ్లు ఇంట కూర్చుండబెట్టిన యెడల, సంబంధము కుదిరినను కుదురకున్నను, ఆ తలుపు మాత్రము మూతపడును.