ముల్లు చూస్తే ఇంజను మిగిలింది!
పాత పికప్ బండ్లకు కొత్త మీటర్లు.. హోసూరు షెడ్లలో తెలుగు మాట

హోసూరు: మామిడి సీజను వచ్చిందంటే పాత డీజిల్ పికప్ బండ్లకు పరీక్షా కాలమే. కృష్ణగిరి తోటల్లో కాయ నింపుకొని బెంగళూరు బాట పడితే యాభై కిలోమీటర్ల దూరంలోని హోసూరు చేరేసరికి మూడు వందల మీటర్లకు పైగా ఎత్తు ఎక్కాలి. నెత్తిన మే నెల ఎండ, వెనుక పరిమితికి మించిన లోడు. పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగిన ఇంజనుకు శూలగిరి దగ్గరకొచ్చేసరికి ఆయాసం మొదలవుతుంది. ఆ సంగతి డ్రైవరుకు తెలిసేదెట్లా?

కంపెనీ బిగించిన హీట్ మీటరులో అంకెలుండవు. ఒక పక్క 'సి', మరో పక్క 'హెచ్'. చాలా బండ్లలో అదీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. ఇక ఆయిల్‌కు ఉన్నది ఒక ఎర్రలైటు మాత్రమే. ప్రెషరు దాదాపు అర కేజీకి పడిపోతే గానీ అది వెలగదు. "లైటు చూసి బండి ఆపినోడికి ఇంజను పని తప్పదన్నా. బేరింగులు అప్పటికే తినేసి ఉంటాయి" అంటాడు ఇక్కడి షెడ్డు మిస్త్రీ ఒకరు. పాత పంపు ఇంజన్లకు కంప్యూటరు ఉండదు కాబట్టి వేడెక్కినా వాటంతటవి ఆగవు. పట్టేసేదాకా లాగుతూనే ఉంటాయి. హెడ్ గాస్కెట్ పోతే ఒక ఖర్చు, ఇంజను పట్టేస్తే మరో ఖర్చు. దారిలో మగ్గిపోయే కాయ, కట్టాల్సిన కంతు అదనం. సొంత బండి నడుపుకొనే వాడికి ఒక్క సీజను పోతే సంవత్సరం పోయినట్టే.

అందుకే హోసూరు, బాగలూరు, బేరికె వైపు షెడ్లలో పాత బండ్లకు విడిగా మీటర్లు బిగించుకునేవారు కనిపిస్తారు. బోర్డు మీద రాత అరవమైనా లోపల బేరం తెలుగులోనే. "ఏమప్పా, ముల్లు యాడుండాది?" అని ఒకరడిగితే "తొంభైలో ఉండాది అన్నా" అని సీట్లోంచి జవాబు. సామాను కోసం బెంగళూరు జేసీ రోడ్డు దగ్గరే. కోయంబత్తూరులో తయారయ్యే ప్రికాల్ మీటర్లూ ఈ ప్రాంతానికి కొత్త కాదు.

ఏవి కావాలి?

మొదట నీళ్ల వేడి, తర్వాత ఆయిల్ ప్రెషరు, ఆపైన ఓల్టు మీటరు. టర్బో లేని బండికి ఈ మూడూ చాలు. టర్బో ఉన్న వాటికి పొగగొట్టం వేడి చూపే మీటరు కూడా పెట్టుకుంటారు గానీ దానికి మానిఫోల్డుకు బెజ్జం వేయాలి. ఇనుప రజను టర్బోలో పడిందంటే ఉన్నదీ పోతుంది. మానిఫోల్డు విప్పి చేసే ఓపిక ఉంటేనే ఆ పని పెట్టుకోవాలి.

అసలు తిప్పలన్నీ సెన్సరు దగ్గరే. ఒక కంపెనీ మీటరుకు మరో కంపెనీ సెన్సరు తగిలిస్తే ముల్లు కదులుతుంది, చెప్పేది మాత్రం అబద్ధం. రెండూ జతగానే కొనాలి. మర చుట్లు కలవనప్పుడు బలవంతంగా తిప్పితే హెడ్డులో మర పోతుంది. ఇత్తడి అడాప్టరు వాడాలి. ఒక తీగే ఉన్న సెన్సరుకు ఇంజనే ఎర్తు. లీకు కాకూడదని తెల్ల టేపు మందంగా చుడితే ఎర్తు తెగి మీటరు పిచ్చిగా చూపిస్తుంది. రబ్బరు హోసు మధ్యలో అడాప్టరు పెట్టి అందులో సెన్సరు బిగించినా ఇదే గోల. అక్కడ ఎర్తు తీగ విడిగా లాగాలి. పైగా థర్మోస్టాటు దాటాక హోసులో పెడితే అది తెరుచుకునేదాకా ముల్లు లేవదు. ఇంజను లోపలి వేడి తెలియాలంటే సెన్సరు థర్మోస్టాటుకు ఇవతల, హెడ్డు వైపే ఉండాలి.

పాతకాలపు సన్న రాగి గొట్టం హీట్ మీటరుకు కరెంటే అక్కర్లేదు. నమ్మకంగా పనిచేస్తుంది. గొట్టం పొడవైందని కత్తిరిస్తే మాత్రం మీటరు చెత్తబుట్టకే. మిగిలింది చుట్ట చుట్టి కట్టేయడమే మార్గం.

గొట్టంతో నడిచే ఆయిల్ మీటరుకు మరో గండం ఉంది. కాగే ఆయిల్ క్యాబిన్ లోపలికే వస్తుంది. అదురుకు గొట్టం చిట్లితే డ్రైవరు కాళ్ల మీద పడుతుంది, ఇంజను ఎండిపోతుంది. దానికన్నా కరెంటు సెన్సరు మేలు. బరువైన సెన్సరును ఇత్తడి 'టీ' మీద వేలాడదీస్తే అదురుకు అదే విరుగుతుంది. ప్రెషరు తట్టుకునే హోసుతో తెచ్చి బాడీకి బిగించాలి. పాత ఎర్రలైటు స్విచ్చిని తీసేయకూడదు, 'టీ' రెండో వైపున ఉంచాలి.

కరెంటు తాళం చెవి లైనులోంచి, విడిగా చిన్న ఫ్యూజుతో తీసుకోవాలి. క్యాబిన్ రేకులో తీగ దూరే చోట రబ్బరు బుష్ లేకపోతే కొన్నాళ్లకు రేకు అంచు తీగను కోసేస్తుంది. ఈ రూపాయి బుష్‌నే చాలామంది మరిచిపోయేది.

హోసూరులో 97కే మరుగు

కొత్త హీట్ సెన్సరును బిగించే ముందు మరిగే నీళ్లలో ముంచి చూడటం షెడ్ల అలవాటు. బయట నుంచి వచ్చినవాళ్లు ముల్లు వంద చూపలేదని మీటరు వాపసు ఇవ్వబోతారు. హోసూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మీటరు చెప్పింది నిజమే!

బిగించాక ముల్లు చదవడమూ తెలియాలి. మామూలుగా నీళ్ల వేడి 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటుంది. ఓల్టు మీటరు నడకలో పధ్నాలుగుకు అటూఇటూ ఉండాలి. ఆయిల్ ప్రెషరు ఇంజను కాగాక, ఐడ్లింగులో కొంత తగ్గడం సహజం. రోజూ ఉండే చోటు కన్నా కిందికి జారుతుంటేనే అనుమానించాలి.

అన్నిటికన్నా మోసం చేసేది ఎక్కి ఎక్కి ఠక్కున పడిపోయే హీట్ ముల్లు. బండి చల్లబడిందని డ్రైవరు సంబరపడతాడు. నిజానికి రేడియేటరు ఖాళీ అయి, సెన్సరు చుట్టూ నీళ్లు లేక గాలే మిగిలి ఉండొచ్చు. అప్పుడు బండి పక్కకు తీసి ఆపేయాలి. మూత వెంటనే తిప్పితే ఆవిరి మొహాన కొడుతుంది. కాగిన హెడ్డు మీద చన్నీళ్లు పోస్తే పగులుతుంది. "అర్ధగంట కూసో నాయనా, కాయ యాడికీ పోదు" అని మిస్త్రీ ఫోనులో చెబుతుంటే, అవతల డ్రైవరు మార్కెట్టు టైము అయిపోతోందని మొత్తుకుంటుంటాడు.