ప్లేట్‌లెట్లు పెరిగాయా? కారణం వెతకండి!

డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లు పడిపోవడమంటే ఏమిటో ఇంటింటికీ తెలుసు. మరి అవే మితిమీరి పెరిగితే? మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉండాల్సినవి ఆరేడు లక్షలని రిపోర్టులో కనిపిస్తే చాలామందికి ముందు గుర్తొచ్చేది క్యాన్సరే. కానీ ఎక్కువమందిలో అసలు కారణం అది కాదు... ఒంట్లో మరోచోట రగులుతున్న ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు!

ప్లేట్‌లెట్లు పుట్టేది ఎముకమజ్జలోని మెగాకార్యోసైట్లనే భారీ కణాల నుంచి. ఈ సంగతి 1906లో జేమ్స్ హోమర్ రైట్ గుర్తించారు. ఒక్కో ప్లేట్‌లెట్ ఆయుష్షు 8-10 రోజులే. అందుకే మజ్జ రోజూ దాదాపు 10 వేల కోట్లు తయారుచేస్తుంది. ఆ పని చేయించే హార్మోను థ్రాంబోపోయెటిన్. అది ఎక్కువగా వచ్చేది కాలేయం నుంచి.

క్షయ, న్యుమోనియా, కీళ్లవాతం లాంటి జబ్బుల్లో రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనాన్ని వదులుతాయి. అది కాలేయాన్ని తొందరపెడుతుంది. హార్మోను పెరుగుతుంది, మజ్జ జోరందుకుంటుంది.

పిల్లల్లో కనిపించే కవాసాకీ జబ్బే ఇందుకు ఉదాహరణ. జపాన్ వైద్యుడు తొమిసాకు కవాసాకీ 1967లో దీన్ని వివరించారు. వదలని జ్వరం, ఎర్రబడ్డ కళ్లు, పగిలిన పెదాలు దీని లక్షణాలు. ప్లేట్‌లెట్లు రెండు, మూడో వారాల్లో పెరిగి, ఒక్కోసారి 10 లక్షలు దాటతాయి. అయితే గుండె రక్తనాళాలు దెబ్బతినకుండా ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వాల్సింది మొదటి పది రోజుల్లోనే. అంకె పెరిగేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది!

పెద్దల్లోనైనా అంకె చూసి సొంతంగా ఆస్పిరిన్ వేసుకోకూడదు. రక్తహీనత తెచ్చే ఇనుము లోపంతోనూ ప్లేట్‌లెట్లు పెరగొచ్చు. మూలకారణానికి చికిత్స చేస్తే అవే దిగొస్తాయి. అప్పటికీ తగ్గకపోతే మజ్జలోనే లోపముందేమో రక్తవ్యాధుల నిపుణులు తేలుస్తారు.