ఫెరారీకీ వయసవుతుంది!

నెల్లూరు జిల్లా పుట్టంరాజు కండ్రిగను 2014లో దత్తత తీసుకున్న సచిన్ టెండూల్కర్ దగ్గర ఒకప్పుడు ఓ ఎర్ర ఫెరారీ ఉండేది. బ్రాడ్‌మన్ 29 టెస్టు శతకాల రికార్డును అందుకున్నందుకు 2002లో కానుకగా వచ్చిన 360 మోడెనా అది. మరుసటి ఏడాది దిగుమతి సుంకం మినహాయింపుపై పెద్ద దుమారమే రేగింది. 2011లో ఆ కారు సూరత్ వ్యాపారి చేతికి వెళ్లింది.

అలాంటి కారు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ పాతబడితే కారు ధర తగ్గుతుందేమోగానీ విడిభాగాల ధర తగ్గదు! 360 మోడెనా ఇంజిన్‌లో టైమింగ్ బెల్టులుంటాయి. బండి షెడ్డులోనే ఉన్నా అవి వయసుతో పాడవుతాయి. అందుకే కొన్నేళ్లకోసారి మార్చాల్సిందే. తెగాయంటే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజినే దెబ్బతింటుంది.

మైపాడు లాంటి తీరాల్లో ఉప్పుగాలి మరో శత్రువు. ఈ కారు బాడీ అల్యూమినియందే అయినా బోల్టులు, బ్రేకు డిస్కులు, వైర్ల కనెక్షన్లను ఆ గాలి వదలదు. బీచ్‌కి వెళ్లొస్తే అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

చెన్నైలోనో బెంగళూరులోనో కొంటే అక్కడి రవాణాశాఖ ఎన్‌వోసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి.

మరి అమ్మేటప్పుడో? కొనేవాళ్లు మెరుపు కన్నా ముందు సర్వీసు బిల్లులు చూస్తారు. బెల్టులు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే ఆ ఖర్చు ధరలో కోసేస్తారు. అందుకే కొన్న రోజు నుంచే ప్రతి బిల్లూ ఫైల్లో పెట్టాలి. ఖర్చు ఇంటి బడ్జెట్‌ను మింగుతోందా? కారు కదిలే స్థితిలో ఉండగానే అమ్మేయడం మేలు!