కుక్కర్ ఎవరిది, బిల్లు ఎవరికి?

బుజ్జీ, నువ్వు కొనని ప్రెషర్ కుక్కర్‌కు నీ మెయిల్‌కి బిల్లు వచ్చిందని పొద్దున్న తెగ కంగారుపడ్డావు. ఎవరో నీ అకౌంట్లోకి జొరబడ్డారనుకున్నావు. నాకైతే అలా అనిపించలేదు. నీ పేరే ఉన్న ఇంకొకావిడ షాపింగ్ సైట్లో తన మెయిల్ అడ్రసు కొట్టబోయి నీది కొట్టినట్టుంది. అందులో ఆవిడ ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు, కార్డు చివరి నాలుగంకెలు అన్నీ ఉన్నాయి చూడు. దొంగ అనేవాడే లేకుండా ఒకరి వివరాలు ఇంకొకరి చేతికి వచ్చేశాయి. నన్ను భయపెట్టేది అదే.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే ఒక చిన్న లెక్క చెయ్యాలి. కాగితం మీద 12344 అని రాయి. కుడివైపు నుంచి మొదలుపెట్టు. చివరి 4 అలాగే ఉంచు. దాని పక్క 4ను రెట్టింపు చేస్తే 8. తర్వాతి 3 అలాగే. 2ను రెట్టింపు చేస్తే 4. మొదటి 1 అలాగే. అన్నీ కూడితే 20. మొత్తం పదితో శేషం లేకుండా పోయిందంటే నంబరు సరిగ్గానే కొట్టినట్టు. ఇప్పుడు 2, 3 తారుమారు చేసి 13244 అని రాసి మళ్ళీ కూడు. 21 వచ్చిందా? తప్పు అక్కడికక్కడే దొరికిపోయింది. ఏ అంకెనైనా రెట్టింపు చేసినప్పుడు 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆ రెండంకెలూ కలిపేస్తారు, అంతే.

ఐబీఎమ్‌లో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్‌కు 1960లో ఈ పద్ధతి మీద పేటెంటు వచ్చింది. మీ నాన్న కార్డు నంబరులో చివరి అంకె ఇలా లెక్క కట్టి వేసిందే. అందుకే ఒక అంకె తప్పుగా కొడితే బ్యాంకును అడగకముందే సైటు ‘నంబరు సరిగా లేదు’ అనగలుగుతుంది. 09ని 90గా కొడితే మాత్రం లూన్ లెక్క పట్టుకోలేదు. ఆధార్‌లోని పన్నెండో అంకెకు ఇంకా గట్టి లెక్క వాడతారు. డచ్చి గణితవేత్త వెర్‌హూఫ్ 1969లో ప్రకటించిన పద్ధతి అది. ఒక అంకె మారినా, పక్కపక్క అంకెలు తారుమారైనా తప్పకుండా పట్టేస్తుంది.

మెయిల్ అడ్రసుకు ఈ కాపలా లేదమ్మా. 1971లో రే టామ్లిన్సన్ పేరుకూ కంప్యూటరుకూ మధ్య ‘ఎట్’ గుర్తు పెట్టినప్పుడు అది కొద్దిమంది పరిశోధకులు వాడుకునే నెట్‌వర్కు. ఇవాళ ఒక్క అక్షరం తప్పితే అది తప్పుడు అడ్రసు కాదు, చాలాసార్లు వేరొకరి సరైన అడ్రసు. ఆ అడ్రసు ఉన్నవాళ్ళు లేకపోతే మెయిల్ వెనక్కి వస్తుంది, ఉంటే నిక్షేపంగా చేరిపోతుంది. అందులోనూ మన పేర్లు! లక్ష్మిని ఇంగ్లిషులో ఒకరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, ఇంకొకరు ఒక్క ఎక్స్‌తో సరిపెడతారు. శ్రీనివాస్‌కు ఎన్ని స్పెల్లింగులో చెప్పనే అక్కర్లేదు. ఫోన్లో చెబుతుంటే అవతలివాళ్ళు తమకు అలవాటైన స్పెల్లింగే కొట్టేస్తారు.

అమెరికా సైన్యం అడ్రసులు ‘డాట్ ఎమ్ఐఎల్’తో ముగుస్తాయి. అందులో ఐ ఎగిరిపోతే అది ఆఫ్రికాలోని మాలి దేశపు డొమైన్. ఆ డొమైన్‌ను నడిపిన డచ్చి వ్యాపారి 2023లో కొన్ని నెలల్లోనే ఇలా దారితప్పిన లక్షకు పైగా మెయిళ్ళు పోగుచేసి, ఇది ప్రమాదమని అమెరికాకు చెప్పాడు. సైన్యానికే తప్పని పొరపాటు కుక్కర్ కొనేవాళ్ళకు తప్పుతుందా?

జీమెయిల్‌లో ఇంకో చిత్రం ఉంది. ‘ఎట్’ గుర్తుకు ముందున్న పేరులో చుక్క పెట్టినా పెట్టకపోయినా అది ఒకే డబ్బా. షాపులకు మాత్రం అవి రెండు వేరువేరు అడ్రసులు. 2018లో ఒక ప్రోగ్రామరు దీని వెనకున్న మోసాన్ని వివరించాడు. ఆయన అడ్రసులోనే చుక్క మార్చి ఎవరో నెట్‌ఫ్లిక్స్ అకౌంటు తెరిచారు. కార్డు చెల్లడం లేదు, మార్చుకోండని అసలైన నెట్‌ఫ్లిక్స్ నుంచే ఆయనకు మెయిల్ వచ్చింది. ఆదమరిచి తన కార్డు నంబరు ఇచ్చి ఉంటే ఎవరో చూసే సినిమాలకు నెలనెలా ఆయన కట్టుకునేవాడు.

ఇప్పుడు అసలు సంగతి విను. ఇంటి తాళంచెవులన్నీ తగిలించే మేకు లాంటిది మెయిల్ డబ్బా. ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని నొక్కితే చాలా సైట్లు కొత్తది పెట్టుకునే లింకును అక్కడికే పంపుతాయి. కాబట్టి ఆ కుక్కరావిడ అకౌంటు నీ అడ్రసు మీదే ఉంటే, నువ్వు తలుచుకుంటే దాన్ని తెరవగలవు. తెరవకు. అది పరాయి మనిషి సొత్తు. కార్డు నంబరు సంగతి కొంత నయం, 2022 అక్టోబరు 1 నుంచి షాపులు దాన్ని దాచుకోకూడదని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. చిరునామా, ఫోన్ నంబరు మాత్రం షాపు దగ్గరే ఉంటాయి.

తప్పెవరిదంటే నేను షాపుదే అంటాను. కొట్టిన అడ్రసుకు ముందు ఒక కోడ్ పంపి, అది తిరిగి కొట్టాకే బిల్లులు పంపితే ఈ గొడవే ఉండదు. ఆ ఒక్క మెట్టు అడ్డొస్తే కొనేవాళ్ళు విసుక్కుని వెళ్ళిపోతారని కొందరు దాన్ని తీసేస్తారు. అమ్మకం కోసం ఆవిడ ఇంటి అడ్రసు ఊరి మీద పెట్టడం నాకు ససేమిరా నచ్చదు.

అయినా ఆ మెయిల్లో ఉన్న లింకు నొక్కొద్దు, అందులోని కస్టమర్ కేర్ నంబరుకూ ఫోన్ చెయ్యొద్దు. ‘ఈ ఆర్డరు మీది కాకపోతే ఇక్కడ రద్దు చేసుకోండి’ అని వచ్చే దొంగ మెయిళ్ళు అచ్చం ఇలాగే ఉంటాయి. పంపినవారి పేరు ఏదైనా రాసుకోవచ్చు. సైటు పేరు నువ్వే టైపు చేసి తెరువు, నీ ఆర్డర్లలో కుక్కర్ లేదని చూసుకో, అక్కడి సహాయం పేజీలో ఈ అడ్రసు వాళ్ళ కస్టమరుది కాదని రాయి. ఆవిడకు వారంటీ కోసం ఆ బిల్లు కావాలి కూడా.

నీ వైపు నుంచి చూసుకోవలసింది ఒకటుంది. మెయిల్ పాస్‌వర్డు ఇంకెక్కడా వాడకు, దానికి రెండంచెల తాళం పెట్టు. అన్నట్టు, మీ అమ్మ పాత సిమ్ వదిలేస్తానంటోంది కదా. మన దేశంలో వదిలేసిన నంబరును 90 రోజులు గడిచాక కంపెనీ వేరొకరికి ఇవ్వొచ్చు. అప్పుడు ఆ నంబరుకు ముడిపెట్టిన షాపింగ్ అకౌంట్ల ఓటీపీలు ఆ కొత్తవాళ్ళ ఫోన్లో మోగుతాయి. ఈ సాయంత్రమే ఇద్దరూ కూర్చుని బ్యాంకు, మెయిల్, షాపులు ఒక్కొక్కటీ తెరిచి కొత్త నంబరు ఎక్కించండి. పాత సిమ్ పనిచేస్తుండగానే చెయ్యాలి సుమా, నంబరు మార్చాలన్నా ముందు దానికే ఓటీపీ వస్తుంది.