బీరువాలో దాచిన టార్చి దారి చూపదు

సంక్రాంతికి కొడుకు వస్తాడు. అమ్మకు చీర, నాన్నకు పంచెల చాపు, వాటితోపాటు ఒక టార్చిలైటు తెస్తాడు. నల్లగా నిగనిగలాడే లైటు. ఒకసారి నొక్కితే ఎక్కువ వెలుగు, మళ్లీ నొక్కితే తక్కువ వెలుగు, మూడోసారి నొక్కితే టపటపా కొట్టుకునే వెలుగు. కొడుకు అన్నీ నొక్కి చూపిస్తాడు. తండ్రి తల ఊపుతాడు. "ఎంతయిందిరా?" అని తల్లి అడుగుతుంది. ధర వినగానే ఆ లైటు అట్టపెట్టెతో సహా బీరువాలోకి వెళుతుంది. కొడుకు బస్సెక్కిన రాత్రే కరెంటు పోతుంది. పెద్దాయన గోడ తడుముకుంటూ పెరట్లోకి నడుస్తాడు.

దివిసీమ పల్లెల్లో ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. పిల్లలు విజయవాడలోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. ఊళ్లో మిగిలింది ఇద్దరు పెద్దవాళ్లు. వాళ్లకు టార్చి కొనివ్వాలన్న ఆలోచన మంచిదే. చిక్కల్లా, కొనేవాళ్లు తమ కళ్లతో, తమ వేళ్లతో చూసి కొనడంలోనే ఉంది.

చీకటి చిన్న విషయం కాదు

వయసు పెరిగేకొద్దీ కంటిపాప చీకట్లో మునుపటిలా విప్పారదు. కంట్లోని కటకం మసకబారుతుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడి కంటి లోపలికి చేరే వెలుతురులో అరవై ఏళ్ల మనిషి కంటికి చేరేది సుమారు మూడో వంతే. కొడుక్కి కనిపించిన గడప తండ్రికి కనిపించదు. కాలు తట్టుకుని పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ వయసులో అది నెలల తరబడి మంచాన పడేస్తుంది.

పాముల సంగతి దివిసీమవాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. 2018 వానాకాలంలో ఇక్కడ వరసగా జరిగిన పాముకాట్లతో అవనిగడ్డ ఆసుపత్రి పేరు రాష్ట్రమంతా వినిపించింది. 2000 నుంచి 2019 దాకా దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా కట్టింది. ఆ మరణాల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం ఒకటి. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది. రక్తపింజరి గడ్డిలో, ఎండుటాకుల్లో కలిసిపోయి కదలకుండా పడి ఉంటుంది. అడుగు వేసే ముందు ఆ చోట వెలుగు పడితే సగం ప్రమాదం తప్పినట్టే.

ఆపైన తుపాన్లు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కళ్లారా చూసినవాళ్లు ఈ సీమలో ఇంకా ఉన్నారు. గాలివాన లేస్తే ముందు పోయేది కరెంటే. అది ఎన్నాళ్లకు వస్తుందో చెప్పలేం.

పాత టార్చి నేర్పిన పాఠం

ఇప్పటి పెద్దవాళ్లకు టార్చి కొత్త కాదు. పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లినా, సెకండ్ షో సినిమా చూసి వచ్చినా చేతిలో రెండు సెల్లుల టార్చి ఉండేది. సెల్లు నీరసించిపోతే ఎండలో పెట్టి, ఇంకో రెండు రాత్రులు గడిపేవారు. నెల్లూరులో 1970లలో మొదలైన కర్మాగారం నుంచి వచ్చిన నిప్పో సెల్లులు, అంతకు ముందు నుంచీ ఉన్న ఎవరెడీ సెల్లులు కిరాణా కొట్టులోనే దొరికేవి.

ఆ టార్చికి ఉన్నది ఒకటే మీట. ముందుకు తోస్తే వెలుగు, వెనక్కి లాగితే చీకటి. పెద్దవాళ్ల బొటనవేలికి ఆ కదలిక ఇప్పటికీ గుర్తే. మారింది బల్బు ఒక్కటే. 1990లలో నీలి ఎల్‌ఈడీ దీపం వచ్చాక, దాని ఆధారంగా తెల్లని వెలుగు సాధ్యమైంది. దాన్ని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి దక్కింది. పాత బల్బు కరెంటులో ఎక్కువ భాగాన్ని వేడిగా వృథా చేసేది. ఎల్‌ఈడీ చాలా తక్కువ తీసుకుంటుంది. అందుకే ఇప్పుడు అవే రెండు సెల్లులు ఎన్నో రెట్లు ఎక్కువ కాలం వస్తున్నాయి. పాత మీట, కొత్త బల్బు - ఈ రెండూ కలిసిన లైటే పెద్దవాళ్లకు సరైన లైటు.

కొట్లో చూడవలసినవి

మొదటి పరీక్ష చాలా సులువు. టార్చి చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకోవాలి. బొటనవేలికి మీట వెంటనే తగలాలి. తగిలిన మీట సులువుగా కదలాలి. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయిన తల్లికి వెనుక భాగాన గట్టిగా నొక్కే బటను పనికిరాదు. ఎన్నిసార్లు నొక్కితే ఏ వెలుగు వస్తుందో గుర్తు పెట్టుకోవలసిన లైటు అసలే వద్దు.

రంగు తెలుపో, పసుపో, ఎరుపో అయితే మంచిది. నల్ల టార్చి చీకట్లో చేతికి దొరకదు. గుండ్రంగా ఉంటే మంచం మీంచి దొర్లి పడుతుంది. పలకలుగా ఉన్నది పెట్టినచోట ఉంటుంది. మేకుకు తగిలించడానికి తాడు ఉండాలి. తలకిందులుగా, అంటే వెలుగు పైకి వచ్చేలా నిలబడే టార్చి అయితే మరీ మేలు. కరెంటు పోయినప్పుడు బల్లమీద అలా నిలబెడితే పైకప్పు మీద పడిన వెలుగు గదంతా పరుచుకుంటుంది.

కళ్లు జిగేల్మనిపించే వెలుగు గొప్పేమీ కాదు. శుక్లాలు ఉన్న కంటికి, సున్నం వేసిన గోడ మీద పడి తిరిగివచ్చే ఆ వెలుగు మరింత ఇబ్బంది. పది అడుగుల దూరంలో నేల స్పష్టంగా కనబడితే చాలు. మూడు సెల్లుల పొడవాటి టార్చి బరువుకు చెయ్యి లాగుతుంది.

చార్జింగ్ లైటు సంగతేమిటి? క్రమం తప్పకుండా చార్జింగ్ పెట్టుకోగలిగినవాళ్లకు అది చౌకే. కానీ చవకరకం వాటిలో ఉండే సీసం బ్యాటరీ నెలల తరబడి ఖాళీగా పడి ఉంటే పాడైపోతుంది. తుపాను రోజున చార్జింగ్ అయిపోతే పెట్టుకోవడానికి కరెంటు ఉండదు. సెల్లుల టార్చికి ఆ బెంగ లేదు. ఊళ్లోని కొట్టులో దొరికే సెల్లే పడుతుందా లేదా అన్నదే చూసుకోవాలి.

సెల్‌ఫోనులో లైటు ఉందిగా అంటారు పిల్లలు. 2003లో వచ్చిన నోకియా 1100లో టార్చి ఉండటం చూసి ముచ్చటపడి కొన్నవాళ్లు ఎందరో. తాళం కప్ప చూసుకోవడానికి ఆ వెలుగు సరిపోతుంది. పెరటి దారికి చాలదు. ఇక తాకే తెర ఫోనులో అర్ధరాత్రి కళ్లజోడు లేకుండా లైటు గుర్తు వెతకడం పెద్దవాళ్లకు అయ్యే పని కాదు.

ఇవన్నీ ఉన్న ప్లాస్టిక్ ఎల్‌ఈడీ టార్చి మూడు వందల రూపాయల లోపే వస్తుంది. పదిహేను వందలు పెట్టి ఒకటి కొనేకంటే ఇలాంటివి రెండు కొనడం తెలివైన పని. ఒకటి తలగడ దగ్గర, ఇంకొకటి పెరటి తలుపు దగ్గర.

ఇవ్వడంలోనూ పద్ధతుంది

టార్చిని అట్టపెట్టెలో పెట్టి ఇస్తే అది పెట్టెలోనే ఉంటుంది. పెట్టె విప్పి, సెల్లులు వేసి, మంచం తలాపున చెయ్యి అందే ఎత్తులో మేకు కొట్టి తగిలించాలి. ఆ రాత్రే దీపాలన్నీ ఆర్పి, మంచం నుంచి పెరటి దాకా అమ్మనో నాన్ననో ఒకసారి నడిపించాలి. మీట ఎక్కడుందో, గడప ఎక్కడ అడ్డం వస్తుందో అప్పుడే తెలుస్తుంది. వెలుగును దూరంగా కాకుండా, వేయబోయే అడుగు మీదే పడేలా పట్టుకోవడం అలవాటు చేయాలి.

అదనంగా రెండు జతల సెల్లులు ఇవ్వాలి. మార్చేటప్పుడు పాతదీ కొత్తదీ కలపకుండా రెండూ ఒకేసారి మార్చాలి. అయిపోయిన సెల్లు లోపలే వదిలేస్తే కారి, స్ప్రింగు తుప్పు పట్టి టార్చి మూలపడుతుంది. వాడనప్పుడు సెల్లులు తీసి పెట్టాలి. పండక్కి వచ్చిన ప్రతిసారీ పిల్లలు చూసుకోవలసిన పని ఇది.

ధర మాత్రం దాచనక్కర లేదు. "రెండొందలేనమ్మా, పోతే ఇంకోటి కొందాం" అన్న మాట వింటే చాలు, ఆ లైటు బీరువాలోకి పోదు. ప్రతి రాత్రీ తల్లి చేతిలో వెలుగుతుంది.